మొగ్గు లేని విమానం

రేడియో సంకేతాలతో నేల మీద నుంచి నడిపే నమూనా విమానాల్లో విన్యాస విమానం ఒక ప్రత్యేకమైన తరగతి. శిక్షణకు ఉపయోగించే నమూనాను, గాలి తాకిడికి ఒక పక్కకు ఒరిగినా నడిపేవారి ప్రమేయం లేకుండానే మళ్లీ సర్దుకొనేటట్లు రూపొందిస్తారు. విన్యాస విమానంలో అదే గుణం దోషంగా పరిణమిస్తుంది. తలకిందులుగానో, రెక్కలు నేలకు లంబంగా నిలిచేటట్లు పక్కవాటుగానో ఎగరవలసిన విమానం ప్రతిసారీ మామూలు స్థితికి తిరిగి వస్తూంటే ఏ విన్యాసమూ శుభ్రంగా పూర్తి కాదు. ఉంచిన స్థితిలో ఉండిపోవడం, ఏ వైపుకూ తనంతట తాను మొగ్గకపోవడం దానికి ఉండవలసిన మొదటి లక్షణం. చెక్క ఎంపిక మొదలు చివరి పూత దాకా దాని నిర్మాణాన్ని నిర్ణయించేది ఈ ఒక్క అవసరమే.

ఈ విమానాలకు ఒక స్థిరమైన రూపం ఏర్పడింది 1960, 1970 దశకాల్లో. 1960లో స్విట్జర్లాండ్‌లోని డూబెన్‌డార్ఫ్‌లో జరిగిన తొలి ప్రపంచ పోటీలో అమెరికాకు చెందిన ఎడ్ కజ్‌మిర్‌స్కీ ‘ఒరాయన్’ అనే నమూనాతో గెలిచాడు. ఆ తరువాత ఆయన రూపొందించిన ‘టారస్’ ఔత్సాహికుల్లో విశేషంగా ప్రచారం పొందింది. ఆ కాలపు రేడియో గ్రాహకాల్లో ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరానికి మాత్రమే కంపించే సన్నని ఉక్కు రీడ్‌లు ఉండేవి. పంపిన స్వరానికి సరిపోయే రీడ్ కంపించి విద్యుత్ వలయాన్ని కలిపేది. మీట నొక్కినంతసేపు చుక్కాని పూర్తిగా తిరిగి, వదిలితే మధ్యకు వచ్చేది తప్ప నడిమి స్థితి అంటూ ఉండేది కాదు కాబట్టి, మీటను వేలితో మళ్లీ మళ్లీ తట్టుతూ వంపులు తీయించడం అప్పట్లో గొప్ప నేర్పుగా చెలామణి అయింది. చేతి కదలిక ఎంతో చుక్కాని కదలిక అంతే ఉండే అనుపాత నియంత్రణ 1960ల మధ్య నుంచి వ్యాపించింది. 1967లో కోర్సికాలో ‘క్విక్-ఫ్లై’తో ప్రపంచ విజేత అయిన ఫిల్ క్రాఫ్ట్ స్వయంగా రేడియో పరికరాల తయారీదారు. 1977లో ‘క్యురారే’తో గెలిచిన ఆస్ట్రియా దేశస్థుడు హానో ప్రెట్నర్ నాటికి ఈ రూపం పరిపక్వ దశకు చేరింది. పది ఘన సెంటీమీటర్ల ఇంజను, ఒకటిన్నర మీటరుకు పైబడిన రెక్క, మూడు నుంచి మూడున్నర కిలోల బరువు అప్పటి ఈ తరగతి విమానాలకు స్థూలమైన కొలతలు.

మొగ్గు లేకుండా చేసే పని రెక్క అడ్డుకోతతోనే మొదలవుతుంది. చాలా శిక్షణ నమూనాల్లో రెక్క పైభాగం ఎక్కువగా ఉబ్బి, అడుగుభాగం చదునుగా ఉండడం వల్ల అది ఒకే దిశలో ఎత్తుడు బలాన్ని తేలికగా పుట్టిస్తుంది. విన్యాస విమానంలో పై ఉబ్బు, కింది ఉబ్బు సమానంగా ఉండాలి. అమెరికా వైమానిక సంస్థ నాకా పెట్టిన సంఖ్యల్లో దీనిని తేలికగా గుర్తుపట్టవచ్చు: నాకా 0015 అన్నప్పుడు మొదటి రెండు సున్నాలు మధ్యరేఖలో వంపు లేదని, చివరి 15 రెక్క మందం దాని వెడల్పులో 15 శాతమని తెలుపుతాయి. ఇటువంటి రెక్క గాలికి కొద్దిపాటి కోణంలో నిలిచినప్పుడే ఎత్తుడు బలాన్ని ఇస్తుంది. తలకిందులైనా అదే కోణానికి అంతే బలం ఇస్తుంది. రెక్కల కొసలు పైకి లేచి ఉంటే చుక్కాని తిప్పినప్పుడు విమానం అనవసరంగా దొర్లుతుంది కాబట్టి ఆ లేపుడును అతి తక్కువలో ఉంచుతారు. క్యురారేలో తోక రెక్క కొసలు కిందికి వాలి ఉండడం ఈ దొర్లుడుకు ఎదురుగా పనిచేసే అమరిక.

నిర్మాణానికి ఆధారం బల్సా చెక్క. మధ్య, దక్షిణ అమెరికాల్లో పెరిగే ఈ చెట్టు తెలుగు నేల మీద కనిపించే బూరుగుకు దగ్గరి బంధువు; రెండూ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి, రెండింటి కాయల్లోనూ దూది ఉంటుంది. టేకు సాంద్రత ఘనపు మీటరుకు 650 కిలోల ప్రాంతంలో ఉంటే, నమూనాలకు వాడే బల్సాది 100 నుంచి 200 కిలోలు మాత్రమే. ఒకే కొలత గల రెండు పలకల్లో ఒకటి మరొకదానికి రెట్టింపు బరువు ఉండడం అరుదు కాదు. అందువల్ల శ్రద్ధ గల నిర్మాత ప్రతి పలకనూ తూచి, కుడి ఎడమ రెక్కలకు సమాన బరువు గల జతలను కేటాయించి, అతి తేలికైన వాటిని తోకకు దాచి ఉంచుతాడు. దుంగను కోసిన దిశ కూడా ముఖ్యమే: కేంద్రం నుంచి బెరడు వైపుగా కోసిన పలక మెరిసే పొడలతో బిరుసుగా ఉండి రెక్క పక్కటెముకలకు పనికివస్తుంది, బెరడుకు సమాంతరంగా కోసినది సులభంగా వంగి, రెక్క ముందంచును చుట్టి కప్పడానికి అనువుగా ఉంటుంది. ఇంజను అదురును భరించే ముందు గోడకు ప్లైవుడ్, రెక్క పొడుగునా సాగే దూలాలకు స్ప్రూస్ వంటి గట్టి చెక్క వాడతారు.

అంటించే పని కంటే సరిచూసే పనికే ఎక్కువ సమయం పడుతుంది, పట్టాలి కూడా. రెక్క మెలితిరిగి ఒక కొస ఒక్క డిగ్రీ పైకి చూసినా, ఆ విమానం వేగం మారినప్పుడల్లా వేరువేరు తీరులో పక్కకు ఒరుగుతుంది. దానిని రేడియో సర్దుబాటుతో పూర్తిగా పోగొట్టడం సాధ్యం కాదు. అందుకే రెక్కను తిన్నని బల్ల మీద ఆనికలతో బిగించి, జిగురు పూర్తిగా ఆరేవరకు కదిలించరు. తోక రెక్కను అమర్చేటప్పుడు దాని రెండు కొసల నుంచి విమానం ముక్కు మధ్యబిందువుకు దారం పట్టి దూరాలు సమానమో కాదో చూస్తారు. రెక్క, తోక రెక్క రెండూ ఒకే కోణంలో, అంటే ఒకదానితో ఒకటి సమాంతరంగా ఉండడం ఈ తరగతిలో సాధారణ నియమం.

మొగ్గు ఉండకూడదనే సూత్రం ఇంజనుకూ వర్తిస్తుంది. మిథనాల్ ప్రధానంగా గల ఇంధనాన్ని గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగ ఉత్ప్రేరకంగా మండిస్తుంది. కందెనగా ఆ ఇంధనంలో తరచుగా కలిపేది మన చేలల్లో పండే ఆముదం, ఎందుకంటే అది మిథనాల్‌లో బాగా కరిగి, తీవ్రమైన వేడిలోనూ లోహం మీద జారుడు పొరను నిలుపుతుంది. విమానం తిరగబడినప్పుడు ఇంధనం తొట్టి పైభాగానికి చేరుతుంది కాబట్టి, లోపలి మెత్తని గొట్టం కొసకు బరువైన లోహపు ముక్క తగిలిస్తారు. ఇంధనం ఎటు పోతే అది అటే పడి పీల్చుకుంటుంది. ప్రొపెల్లర్ వెనుక సుడి తిరిగే గాలి నిలువు తోకను ఎడమ నుంచి తాకి ముక్కును ఎడమకు లాగుతుంది. దీనికి విరుగుడుగా ఇంజనును ఒకటి రెండు డిగ్రీలు కుడికి తిప్పి బిగిస్తారు.

ముగింపు పని, అంటే నునుపు చేసి, కప్పి, రంగు వేయడం అందానికి సంబంధించిందని చాలామంది భావిస్తారు. నిజానికి విమాన స్వభావం ఎక్కువగా చెడేది ఇక్కడే. పాత పద్ధతిలో పొడుగాటి బద్దకు అతికించిన గరుకు కాగితంతో చెక్కను తోమి, దాని మీద తడిపిన పట్టుగుడ్డను గాని, పలుచని కాగితాన్ని గాని పరిచి, డోప్ పూస్తారు. డోప్ అనేది ద్రావణిలో కరిగించిన సెల్యులోజు పదార్థం. ద్రావణి ఆరిపోతున్నకొద్దీ పొర కుంచించుకొని గుడ్డను బిర్రుగా లాగుతుంది. ఒక వైపు మాత్రమే పూస్తే ఆ లాగుడుకే పలుచని తోక మెలితిరుగుతుంది కాబట్టి రెండు వైపులా వెంట వెంటనే పూయాలి. నైట్రేట్ రకం డోప్‌ను ఇంధనంలోని మిథనాల్ కరిగిస్తుంది; అందువల్ల పై పూతకు బ్యూటిరేట్ రకాన్ని వాడతారు. చెక్క సూక్ష్మ రంధ్రాలను నింపడానికి డోప్‌లో టాల్కం పొడి కలిపి పూసి, అందులో చాలా భాగాన్ని తిరిగి తోమి తీసేస్తారు. తోమగా గాలిలో లేచే ఆ తెల్లని ధూళి ఎంత పోతే విమానం అంత తేలికపడుతుంది; రంధ్రాలను నింపినది మాత్రమే మిగిలి, పైపొరగా నిలిచినదంతా పోవాలి.

తోకలోని అదనపు బరువు ఇంకా ప్రమాదకరం. భారకేంద్రానికి 90 సెంటీమీటర్లు వెనుక తోక మీద 10 గ్రాముల రంగు చేరితే, 30 సెంటీమీటర్లు ముందున్న ముక్కులో దానికి సరితూగడానికి 30 గ్రాముల సీసం పెట్టవలసి వస్తుంది; అంటే 10 గ్రాముల సోకుకు 40 గ్రాముల మూల్యం. 1960ల నుంచి అందుబాటులోకి వచ్చిన, ఇస్త్రీ వేడికి ముడుచుకొనే పాలియెస్టర్ పొరలు ఈ భారాన్ని చాలా తగ్గించాయి. అద్దంలా మెరిసే పట్టు, డోప్ పనితనానికి ఉన్న గౌరవం వేరు. ఎగురుడు లక్షణాల దృష్టితో మాత్రం రెక్కలకు, తోకకు పొరే మేలు.

భారకేంద్రాన్ని రెక్క వెడల్పులో ముందంచు నుంచి 25, 30 శాతాల మధ్య ఉంచి తొలి ఎగురుడు చేపడతారు. తలకిందులుగా తిన్నగా ఎగరడానికి, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌ను ఎక్కువగా నెట్టవలసి వస్తే ముక్కు బరువుగా ఉన్నట్టు. లూపు, అంటే నిలువు వలయం, వేస్తూంటే విమానం ఒక పక్కకు జరిగిపోతే రెక్కలు సమంగా తూగడం లేదని అనుమానించాలి. లూపులో గురుత్వానికి ఐదింతల బలం కలిగితే రెక్క కొసలోని 10 గ్రాముల తేడా 50 గ్రాములంతగా పనిచేస్తుంది. అటువంటప్పుడు తేలికైన కొసలో చిన్న సీసపు ముక్క అమర్చి మళ్లీ పరీక్షిస్తారు.

ఇటువంటి విమానం గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో ఎగురుతుంది. భారతదేశంలో దీనిని నిర్మించదలచిన పాఠకులు ఎంచుకున్న స్థలం ఏ మండలంలో ఉందో పౌర విమానయాన శాఖ వారి డిజిటల్ స్కై పటంలో ముందుగా చూసుకొని, జనసంచారం లేని మైదానంలో, అనుభవం గల వ్యక్తిని పక్కన ఉంచుకొని మాత్రమే తొలిసారి ఎగురవేయాలి.