తొట్టిలో తొంభై ఆరు గంటలు

పురుగుమందు డబ్బాతో పాటు మడతపెట్టి ఇచ్చే కరపత్రంలో చిన్న అక్షరాల మధ్య తరచుగా ఒక హెచ్చరిక ఉంటుంది. ఈ మందు చేపలకు విషం, ఖాళీ డబ్బాలను, స్ప్రేయర్లను చెరువుల్లో, కాలువల్లో కడగవద్దు అని. ఆ అక్షరాల సైజుకి చాలామంది చదవరు. చదివినా ఆ మాట ఎవరు తేల్చారో, ఎలా తేల్చారో కరపత్రం చెప్పదు. దాని వెనక నాలుగు రోజుల పరీక్ష ఉంది. రసాయనం కలిపిన నీళ్లలో చేపల్ని వదిలి, ఎన్ని బతుకుతాయో, ఎన్ని చస్తాయో లెక్కపెట్టే పరీక్ష. ప్రపంచంలో ఏ రసాయనం గురించైనా నీటి జీవులకు ఇది ఇంత ప్రమాదం అని అధికారికంగా చెప్పారంటే, దాదాపు ఎప్పుడూ అలాంటి లెక్క మీదే ఆధారపడి చెబుతారు.

ఈ పరీక్ష పద్ధతిని ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 1981లో ఖరారు చేసింది. దాన్ని 203వ మార్గదర్శకం అంటారు. 2019లో సవరించారు. అందులో వాడదగిన చేపల్లో బంగారు తీగ ఉంది, చల్లటి నీళ్లలో బతికే రెయిన్‌బో ట్రౌట్ ఉంది, విరివిగా వాడే జీబ్రాఫిష్ ఉంది. ఒంటి పొడవునా నీలి చారలుండే ఈ చిన్న చేప ఇవాళ ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలల్లో కనిపిస్తుంది గానీ దాని పుట్టిల్లు మన ఉపఖండమే. గంగానది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వెలువరించిన గ్రంథంలో దానికి మొదటిసారి శాస్త్రీయ నామం పెట్టారు.

చేపల్ని తెచ్చీ తేగానే పరీక్షలో వేయరు. వారం పైగా ఆ నీటికి, ఆ వేడిమికి అలవాటు చేస్తారు. ఆ వారంలో నూటికి పదికన్నా ఎక్కువ చనిపోతే ఆ జట్టు మొత్తాన్నీ పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే జబ్బు చేప ఏ మందుకైనా చస్తుంది. పరీక్షకు ఒక రోజు ముందు నుంచి మేత ఆపేస్తారు. తరవాత కనీసం అయిదు తొట్లలో రసాయనాన్ని మెట్లు మెట్లుగా పెంచుతూ కలుపుతారు. ఒక తొట్టికీ దాని పై తొట్టికీ మధ్య తేడా 2.2 రెట్లు దాటకూడదు. ఒక్కో తొట్టిలో కనీసం ఏడు చేపలు. ఆరో తొట్టిలో రసాయనం ఉండదు, ఉత్త నీళ్లే. దాన్ని కంట్రోల్ తొట్టి అంటారు. అందులో ఒక్క చేపకు మించి చనిపోతే పరీక్ష చెల్లదు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ పూర్తి స్థాయిలో 60 శాతం కన్నా తగ్గినా చెల్లదు.

ఈ ఆక్సిజన్ షరతు ఎందుకో మన చేపల రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మబ్బు పట్టిన రాత్రి గడిచి తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఏరియేటర్ వేయడానికి పరుగెత్తేది వాళ్లే. రాత్రంతా నాచు కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి తెల్లారేసరికి ఆక్సిజన్ అడుగంటుతుంది. అప్పుడు చచ్చిన చేపను చంపింది విషం కాదు. తొట్టిలో ఆక్సిజన్ పడిపోనిస్తే ఏది దేనివల్ల చచ్చిందో చెప్పే దారే ఉండదు.

లెక్కపెట్టడం 24, 48, 72, 96 గంటలకు. తోక మొదట్లో తాకినా కదలకపోతే, మొప్పలు ఆడకపోతే చనిపోయినట్టు. చావు ఒక్కటే కాదు, చేప పక్కకు ఒరగడం, అడుగున పడి ఉండడం, ఒంటి రంగు మారడం, గాలికోసం పైకి రావడం కూడా రాసుకోవాలి. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. లీటరుకు 1, 2, 4, 8, 16 మిల్లీగ్రాముల చొప్పున అయిదు తొట్లు. నాలుగు రోజులకు వరసగా సున్నా, ఒకటి, మూడు, ఆరు, ఏడు చేపలు చనిపోయాయి. సగం చేపల్ని చంపే మోతాదు నాలుగుకీ ఎనిమిదికీ మధ్య, దాదాపు నాలుగున్నర దగ్గర పడుతుంది. దాన్నే ఎల్‌సీ50 అంటారు.

సగమే ఎందుకు? ఏ గుంపులోనైనా అతి బలహీనమైన చేప ఒకటి, మొండిగా బతికే చేప ఒకటి ఉంటాయి. మొదటి చావు ఎక్కడ, చివరి చావు ఎక్కడ అని చూస్తే ఆ ఒక్కొక్క చేప మీదే అంకె ఊగిపోతుంది. నడిమి చేప అంతగా ఊగదు. మందుల మోతాదును ఈ లెక్కన కొలవాలని 1927లో బ్రిటన్ శాస్త్రవేత్త ట్రెవాన్ ప్రతిపాదించారు. 1934లో చెస్టర్ బ్లిస్ చావుల వంపును సరళరేఖగా మార్చే ప్రాబిట్ గణితం ఇచ్చారు. నేటికీ ఆ లెక్కే నడుస్తోంది.

అంకె ఎంత చిన్నదైతే రసాయనం అంత విషం. లీటరుకు ఒక మిల్లీగ్రాము, అంతకు తక్కువలోనే సగం చేపలు చస్తే అది అంతర్జాతీయ వర్గీకరణలో మొదటి తరగతి ప్రమాదం. మన పొలాల్లో విరివిగా కొట్టే సైపర్‌మెత్రిన్ ఆ గీతకు ఎంతో దిగువన ఉంటుంది. లీటరుకు కొన్ని మైక్రోగ్రాములే చాలా చేపలకు సరిపోతాయి. మనుషుల, పశువుల శరీరం ఈ జాతి మందుల్ని వేగంగా విరగ్గొట్టుకుంటుంది. చేప శరీరం ఆ పని చాలా మెల్లగా చేస్తుంది. మనకు అంత ప్రమాదం లేని మందు అని ధైర్యంగా స్ప్రేయర్‌ను కాలువలో కడిగితే కాలువకు జరిగేది ఇదే.

ఇక నాకు ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. ఎల్‌సీ50 చూడగానే చాలామంది, చదువుకున్నవాళ్లు సైతం, దాన్ని ఒక హద్దుగా భావిస్తారు. దానికి తక్కువైతే ఫరవాలేదని. అది పొరపాటు. సగం చేపలు చచ్చే చోటు హద్దు ఎలా అవుతుంది? పైగా ఆ అంకె ఏ చేపకు, ఏ నీళ్లలో, ఎన్ని గంటలకు అన్న మూడు వివరాలతో కలిసి పుట్టింది. అవి లేకుండా చెబితే దానికి అర్థం లేదు.

ముందు నీళ్లు చూడండి. నాచు తీయడానికి చెరువుల్లో వేసే మైలుతుత్తంలోని రాగి, చేప మొప్పల దగ్గర సోడియం లోపలికి వెళ్లే దారిని అడ్డుకుంటుంది. నీళ్లలో కాల్షియం, కార్బొనేట్లు బాగా ఉంటే రాగి మొప్పల దాకా చేరేది తక్కువ. సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లలో అదే మోతాదు ప్రాణం తీస్తుంది. అమ్మోనియా సంగతి ఇంకా విచిత్రం. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం ఉన్న రూపం చేపకు పెద్దగా హాని చేయదు. ఆవేశం లేని రూపం మొప్పల్లోంచి సులువుగా దూరిపోతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో ఆ విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే సుమారు 5 శాతం, 9 అయితే మూడో వంతు దాటుతుంది. నాచు పట్టిన చెరువులో మిట్టమధ్యాహ్నం తరవాత పీహెచ్ దానంతటదే పెరుగుతుంది. ఉదయం కొలిచినప్పుడు భయం లేదనిపించిన అమ్మోనియా సాయంత్రానికి చేపల్ని చంపగలదు, చెరువులో కొత్తగా ఒక్క చుక్క పడకపోయినా.

ప్రయోగశాలలో కూడా నీళ్లు మోసం చేస్తాయి. కొన్ని రసాయనాలు గాజుకు అంటుకుంటాయి, కొన్ని ఆవిరైపోతాయి, కొన్ని వెలుతురుకి విరిగిపోతాయి. పది మైక్రోగ్రాములు వేశామనుకున్న తొట్టిలో మర్నాటికి మూడే మిగలవచ్చు. అందుకే నీళ్లను మళ్లీ మళ్లీ పరీక్షించి, కలిపిన మోతాదుకీ నిజంగా ఉన్నదానికీ తేడా 20 శాతం దాటితే ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలంటారు. కొలవకుండా, కలిపిన అంకెతోనే ఎల్‌సీ50 ప్రకటించిన పాత పరిశోధనలు ఎన్నో ఉన్నాయి. వాటిలో మందు ఉన్నదానికన్నా సాధువుగా కనిపిస్తుంది. ఆ నివేదికల్ని జాగ్రత్తగా చదవాలి.

ఇక ఏ చేప అన్న ప్రశ్న. అమెరికా పశ్చిమ తీరంలోని సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లోకి కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వస్తాయి. వాన పడి రోడ్ల మీది నీళ్లు వాగులో కలిసిన కొన్ని గంటల్లోనే అవి గుడ్లు పెట్టకుండానే దారి తప్పినట్టు తిరిగి, తలకిందులై చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి కారణం తెలియలేదు. అదే నీళ్లలో చమ్ సాల్మన్ మాత్రం హాయిగా ఈదేది. రెండూ ఒకే ప్రజాతి చేపలు. వాషింగ్టన్ రాష్ట్రపు పరిశోధకులు టైర్ల రబ్బరును నానబెట్టిన నీళ్లు కోహోలను చంపుతున్నాయని గమనించారు. ఆ నీళ్లలో రెండు వేల పైచిలుకు రసాయనాలు ఉన్నాయి. నీళ్లను భాగాలుగా విడదీస్తూ, ఒక్కో భాగంలో చేపపిల్లల్ని వదిలి చూస్తూ, చంపుతున్న భాగాన్నే మళ్లీ విడదీస్తూ చివరికి ఒకే ఒక్క పదార్థం దగ్గరికి చేరారు. టైరు పగుళ్లివ్వకుండా 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. ఎవరూ తయారు చేయని, ఎవరూ పరీక్షించని రసాయనం అది. ఝెన్యు టియాన్, ఎడ్వర్డ్ కొలోజీ, జెనిఫర్ మెకింటైర్ తదితరులు 2020 డిసెంబరులో సైన్స్ పత్రికలో ఈ ఫలితం ప్రకటించారు. శుద్ధమైన నమూనా చేతికొచ్చాక మళ్లీ కొలిచి, కోహోకు ఎల్‌సీ50 లీటరుకు 95 నానోగ్రాములేనని 2022లో సవరించుకున్నారు. మన ప్రాజెక్టుల భాషలో చెప్పాలంటే ఒక టీఎంసీ నీళ్లలో రెండు కిలోల ఏడు వందల గ్రాములు. పరీక్షకు చమ్ సాల్మన్‌ను ఎంచుకుని ఉంటే ఈ విషం పట్టుబడేదే కాదు.

బొచ్చె, శీలావతి, మోసు, కొర్రమీను దేని తట్టుకునే శక్తి దానిదే. గాలి పీల్చగల కొర్రమీను బతికిందని శీలావతి బతుకుతుందనుకోలేం. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగాల్లో దశాబ్దాలుగా మన చేపల మీదే పురుగుమందుల విషాన్ని కొలుస్తూ వచ్చారు. ఆ పని విలువ ఇక్కడ తెలుస్తుంది.

గంటల సంగతి మరింత లోతైనది. కెనడాలోని ఆంటారియోలో పరిశోధనకే కేటాయించిన సరస్సులు ఉన్నాయి. వాటిలో 260వ నంబరు సరస్సులో కరెన్ కిడ్ బృందం 2001 నుంచి 2003 వరకు ప్రతి వేసవిలోనూ గర్భనిరోధక మాత్రల్లో ఉండే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను కలిపింది. లీటరుకు ఐదారు నానోగ్రాములే. అంతకు చేప నాలుగు రోజుల్లో చావదు. కానీ మగచేపలు ఆడ లక్షణాలు చూపాయి, కొత్త పిల్లలు పుట్టడం తగ్గిపోయింది, సరస్సులోని ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్నచేపల సంతతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. స్వల్పకాలిక పరీక్ష దీన్ని చూడలేదు. అది దాని లోపం కాదు, దాని పరిధి. నెలల తరబడి సాగే వేరే పరీక్షలు అందుకే ఉన్నాయి.

మన పటాన్‌చెరు దగ్గర కూడా ఈ పరిధి అర్థమవుతుంది. అక్కడ మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ప్రకటించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. అది చంపేది బాక్టీరియాని. మందుకు లొంగని బాక్టీరియా పెరగడం అనే ప్రమాదాన్ని చేపల తొట్టి పసిగట్టలేదు.

ఇన్ని పరిమితులున్నా ఈ పరీక్షను వదులుకోమని నేను అనను. రసాయనాల్ని ఒక్కొక్కటిగా వెతికే యంత్రం, మనం వెతకమన్నదాన్నే వెతుకుతుంది. చేప అన్నిటికీ ఒకేసారి స్పందిస్తుంది. అయితే ఆ స్పందనకు వెల ఉంది. ఒక్క పరీక్షకు తక్కువలో తక్కువ 42 చేపలు, వాటిలో చాలావాటికి బాధాకరమైన చావు. ఈ బాధను తగ్గించే మార్గాలు వచ్చాయి. 2013లో జీబ్రాఫిష్ పిండాలతో చేసే 236వ మార్గదర్శకం వచ్చింది. గుడ్డు గడ్డకట్టిందా, కండర ఖండాలు ఏర్పడ్డాయా, తోక విడివడిందా, గుండె కొట్టుకుంటోందా అన్న నాలుగే చూస్తారు. 2021లో ట్రౌట్ మొప్పల నుంచి తీసి పెంచిన కణాలతోనే 24 గంటల్లో తేల్చే 249వ మార్గదర్శకం వచ్చింది. అందులో ఒక్క చేపా చావదు. చేయగలిగిన చోటల్లా ముందు ఈ దారిలో వెళ్లాలి.

మన దేశంలో ఈ పరీక్షకు చట్టబద్ధమైన చోటు కూడా ఉంది. 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల్లోని సాధారణ ప్రమాణాల ప్రకారం, పరిశ్రమ వదిలే వ్యర్థజలాన్ని ఏమీ కలపకుండా తొట్టిలో నింపి చేపల్ని వదిలితే, 96 గంటల తరవాత నూటికి 90 చేపలు బతికి ఉండాలి. ఇంత సులువుగా అర్థమయ్యే కాలుష్య ప్రమాణం మరొకటి లేదు. మీ ఊరి చెరువులోకి ఏ పరిశ్రమ నీళ్లయినా వస్తుంటే, ఆ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారో, ఏ చేపతో చేశారో, ఎన్ని బతికాయో సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. చేపలు తేలిన రోజున మాత్రం దరఖాస్తు దాకా ఆగవద్దు. నీళ్లు గంటల్లో మారిపోతాయి. వెంటనే శుభ్రమైన సీసాల్లో నీళ్లు పట్టి, మూత బిగించి, తేదీ, సమయం, చోటు రాసి, చల్లగా ఉంచి, మండలికీ మత్స్యశాఖకీ కబురు చేయండి.