కంప్యూటరు మొరాయించినప్పుడు: రోగము డిస్కుదా, ఆపరేటింగ్ సిస్టముదా?

పదవ తరగతి మార్కుల పట్టికలు సిద్ధము చేయుచున్న దినములలో పాఠశాల కార్యాలయమందలి కంప్యూటరు ఒక ఉదయము లేవకపోవుట క్రొత్త సంగతి కాదు. మీట నొక్కగా ఫ్యాను తిరుగును, దీపము వెలుగును. తెర మీద మాత్రము చీకటియో, అర్థము కాని నాలుగు ఆంగ్లపు మాటలో కనబడును. అప్పుడు చుట్టుచేరిన వారు చెప్పు సలహాలలో మొదటిది, ఫార్మాటు చేసి మరల విండోసు వేయించుమని. అట్లు చేసినచో కంప్యూటరు లేవవచ్చును. మార్కుల పట్టికలు లేవవు.

ఇట్టి యంత్రమునకు ముఖ్యముగా రెండు తెగల రోగములు వచ్చును. సమాచారమును దాచియుంచు డిస్కు అను వస్తువు చెడుట ఒకటి. ఆ డిస్కు మీద వ్రాయబడి, యంత్రమును నడపు ఆజ్ఞల సముదాయమైన ఆపరేటింగ్ సిస్టము చెడుట రెండవది. గ్రంథాలయములో పుస్తకములకు చెదలు పట్టుట వేరు, పుస్తకముల జాబితా తారుమారగుట వేరు కదా! పైకి రెండింటి లక్షణము ఒకటే: అడిగిన పుస్తకము దొరకదు. చికిత్సలు మాత్రము వేరు. అంతే కాదు, ఒక రోగమునకు మందైనది రెండవ దానికి విషము కావచ్చును.

తిరుగు బిళ్ళలు

మొట్టమొదటి హార్డ్ డిస్కును ఐ.బి.యం. సంస్థ 1956లో రామాక్ అను కంప్యూటరుతోపాటు వెలువరించినది. అందులో 24 అంగుళముల వ్యాసముగల 50 బిళ్ళలుండెడివి. అన్నింటి మీద కలిపి పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు సెల్‌ఫోనుతో తీయు ఒక్క ఛాయాచిత్రమే సుమారు అంత స్థలమును ఆక్రమించుచున్నది. పరిమాణము తగ్గి, సామర్థ్యము లక్షలాది రెట్లు పెరిగినను మూలసూత్రము మారలేదు. అయస్కాంత పదార్థము పూసిన బిళ్ళ తిరుగుచుండును. సన్నని చేతి కొనయందున్న హెడ్డు దాని మీద వ్రాయును, చదువును.

మేజ మీది కంప్యూటర్లలోని డిస్కు సాధారణముగా నిమిషమునకు 7,200 మార్లు, అనగా సెకండుకు 120 మార్లు తిరుగును. బిళ్ళ వ్యాసము సుమారు 95 మిల్లీమీటర్లు. అంచు మీది బిందువు ఒక్కొక్క చుట్టులో 298 మిల్లీమీటర్ల దూరము పోవును గనుక దాని వేగము సెకండుకు సుమారు 36 మీటర్లు, గంటకు 129 కిలోమీటర్లు. ఈ లెక్కను తరగతిలో విద్యార్థులచేతనే చేయింపవచ్చును. ఇంత వేగముతో పరుగెత్తు తలము మీద హెడ్డు కొద్ది నానోమీటర్ల ఎత్తున, బిళ్ళతోపాటు కదలు గాలిపొర మీద తేలుచుండును. తల వెంట్రుక మందము ఈ ఎడముకంటె వేలకొలది రెట్లు ఎక్కువ. కంటికి కనబడని ధూళికణము కూడ ఈ సందులో కొండ వంటిది. హార్డ్ డిస్కును ఇంటియందు విప్పి చూడరాదనుటకు ఇదియే కారణము. చెడిన డిస్కును శీతలయంత్రములో పెట్టిన బాగుపడునను మాట యొకటి ప్రచారములో నున్నది. బయటకు తీసినప్పుడు లోపల చేరు తేమ మిగిలిన ప్రాణమును కూడ తీయగలదు.

బిళ్ళ మీది స్థలము సెక్టార్లు అను చిన్న మడులుగా విభజింపబడియుండును. పూర్వము ఒక్కొక్క సెక్టారు 512 బైట్లు. 2010 ప్రాంతమునుండి 4,096 బైట్ల సెక్టార్లు వాడుకలోనికి వచ్చినవి. ప్రతి సెక్టారుతోపాటు తప్పులను దిద్దుకొనుటకు కొంత అదనపు సమాచారము కూడ వ్రాయబడును. అందుచే చిన్న చిన్న తప్పులను డిస్కు తనంతట తానే సవరించుకొనును. సవరింపజాలనప్పుడు అదే సెక్టారును మరల మరల చదువ ప్రయత్నించును. ఒక ఫైలు తెరువగానే యంత్రము నిమిషములకొలది బిగుసుకొనిపోవుటకు అనేకసారులు కారణమిదియే. అట్టి సెక్టారు మీద తరువాత వ్రాయవలసి వచ్చి, అదియు విఫలమైనచో, డిస్కు దానిని వెలివేసి, కేటాయించి యుంచిన విడి సెక్టారును దాని స్థానమున వాడుకొనును.

ఎక్కడ ఆగినది?

రోగనిర్ణయమునకు సులభమైన మార్గము యంత్రము ఏ మెట్టు వద్ద ఆగినదో చూచుట. మీట నొక్కగానే ముందుగా పనిచేయునది మదర్‌బోర్డు మీది చిప్పులో శాశ్వతముగానున్న చిన్న ప్రోగ్రాము. పాత యంత్రములలో దీనిని బయోస్ అనియు, క్రొత్తవానిలో యూ.ఇ.ఎఫ్.ఐ. అనియు పిలుతురు. అది డిస్కును గుర్తించి, అందు నియతస్థానమున నున్న బూట్ లోడరును మేల్కొల్పును. బూట్ లోడరు ఆపరేటింగ్ సిస్టము యొక్క కెర్నలును మెమరీలోనికి తెచ్చును. కెర్నలు తక్కిన పరివారమునెల్ల పిలుచును.

బూటు చేయదగిన డిస్కు లేదను అర్థమునిచ్చు వాక్యము తెర మీద కనబడినచో, మొదట యంత్రమునకు తగిలించి మరచిన పెన్‌డ్రైవును ఊడదీయవలెను. నవ్వు వచ్చినను ఇది తరచు జరుగునదే. పిమ్మట బయోస్ పట్టికలో డిస్కు పేరు కనబడుచున్నదో లేదో చూడవలెను. కనబడనిచో ఆపరేటింగ్ సిస్టమును నిందించుట వ్యర్థము, అది ఇంకను రంగము మీదికే రాలేదు. అప్పుడు కరెంటు తీసివేసి, డిస్కుకు పోవు రెండు కేబుళ్ళను ఊడదీసి మరల గట్టిగా అమర్చి చూడవలెను. పాత యంత్రములలో మరియొక చిక్కు కలదు. మదర్‌బోర్డు మీది 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ నీరసించినచో బయోస్ తన అమరికలను మరచిపోవును; డిస్కుతో మాటలాడవలసిన విధానము మారిపోయి విండోసు నీలితెరతో ఆగిపోవును. గడియారము ఎన్నియో ఏండ్లు వెనుకకు పోయి కనబడుట దీనికి గుర్తు. వేసవి సెలవులలో మూతపడియుండి తెరిచిన పాఠశాలలలో ఈ బ్యాటరీని తప్పక అనుమానింపవలెను.

డిస్కు పేరు కనబడి, విండోసు గుర్తు వచ్చి, అటుపిమ్మట యంత్రము ఆగినచో సందేహము ఆపరేటింగ్ సిస్టము వైపు మొగ్గును. 2024 జులై 19న ప్రపంచమంతట ఒక్కమారుగా విండోసు యంత్రములు నీలితెర పట్టుట ఇందుకు గొప్ప ఉదాహరణము. క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సాఫ్ట్‌వేరు సంస్థ పంపిన ఒక చిన్న ఫైలులోని దోషముచే, కెర్నలుతో కలిసి పనిచేయు దాని డ్రైవరు తనది కాని మెమరీని చదువబోయినది. విండోసు వెంటనే ఆగినది. మరల లేచి, అదే ఫైలును చదివి, మరల ఆగినది. మైక్రోసాఫ్టు అంచనా ప్రకారము అట్లు పడిపోయిన యంత్రములు 85 లక్షలు. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇవ్వవలసి వచ్చినది. ఇంత జరిగినను ఆ డిస్కులలో దోషమేమియు లేదు. అత్యవసరమైన భాగములతో మాత్రమే విండోసును లేపు సేఫ్ మోడ్‌లోనికి పోయి, ఆ ఒక్క ఫైలును తొలగింపగా యంత్రములు మామూలుగా లేచినవి. ఆనాడు ఫార్మాటు చేసినవారు, చేయనక్కర లేనిది చేసినట్లే.

సందేహము తీరుటకు మంచి పరీక్ష మరియొకటి కలదు. లినక్సు వంటి ఆపరేటింగ్ సిస్టమును పెన్‌డ్రైవునుండియే లేపవచ్చును. అందుకు హార్డ్ డిస్కు మీద ఏమియు వ్రాయనక్కర లేదు. అట్లు లేపి చూడగా డిస్కులోని ఫైళ్ళు చురుకుగా తెరుచుకొన్నచో వస్తువు ఆరోగ్యముగానున్నదని చాలవరకు నమ్మవచ్చును. ముందుగా వానిని వేరొకచోటికి కాపీ చేసికొని, తరువాత విండోసు సంగతి చూడవచ్చును. అయితే నేటి ల్యాప్‌టాపులలో పెక్కింటియందు డిస్కు రహస్యలిపిలో వ్రాయబడియుండును. 48 అంకెల తాళపుసంఖ్య లేనిదే బిట్‌లాకర్ వేసిన డిస్కును ఏ లినక్సును చదువలేదు. దానిని డిస్కు చెడుటగా పొరబడరాదు. ఆ సంఖ్యను యంత్రము బాగుగానున్న దినములలోనే కాగితము మీద వ్రాసి యుంచుకొనవలెను.

చిట్టా, ఆవర్జా

ఈ రెండు రోగముల నడుమ మూడవది యొకటి కలదు. డిస్కు మంచిదే, ఆపరేటింగ్ సిస్టము మంచిదే. ఏ ఫైలు ఏ సెక్టార్లలో నున్నదో తెల్పు పట్టిక, అనగా ఫైల్ సిస్టము, చెడినది. వ్రాయుచుండగా కరెంటు పోవుట దీనికి ముఖ్యకారణము. మన షావుకార్లు ప్రతి లావాదేవీని ముందు చిట్టాలో వ్రాసి, తరువాత తీరికగా ఆవర్జాకు ఎక్కింతురు. ఎక్కించుచుండగా దీపము ఆరిపోయినను చిట్టా చూచి సరిచేసికొనవచ్చును. 1993లో విండోస్ ఎన్.టి.తో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్. అను ఫైల్ సిస్టమును, 2001లో లినక్సులో చేరిన ఇ.ఎక్స్.టి. 3ను ఈ పద్ధతినే అనుసరించును. కరెంటు పోయిన పిమ్మట కంప్యూటరు తనంతట తానే సర్దుకొని లేచుట ఈ చిట్టా మహిమయే. పెన్‌డ్రైవులలో తరచు వాడు ఫ్యాట్ 32 పద్ధతిలో చిట్టా లేదు. చెప్పకుండ ఊడబెరికిన పెన్‌డ్రైవు పాడగుట ఇందుచేతనే.

విండోసులో ఈ పట్టికను పరీక్షించునది చెక్ డిస్క్ అను ఆజ్ఞ. ఊరక ఇచ్చినచో చూచి చెప్పును; ఎఫ్ అను అక్షరము చేర్చినచో పట్టికను దిద్దును; ఆర్ అను అక్షరము చేర్చినచో డిస్కులోని సెక్టార్లనెల్ల చదివి చూచును. ఆరోగ్యవంతమైన డిస్కునకు ఇది మంచి మందు. చెడిపోవుచున్న డిస్కునకు ఇదియే విషము. ఆర్ ఆజ్ఞతో హెడ్డు దెబ్బతిన్న చోటనే గంటలకొలది పెనుగులాడును, చివరి ప్రాణము అక్కడనే పోవచ్చును. ఎఫ్ ఆజ్ఞయో, చదువ శక్యము కాని పేజీని చూచి అది లేనేలేదని తలచి, పట్టికనుండి పేర్లను కొట్టివేయవచ్చును. కనుక డిస్కు ఆరోగ్యము తెలిసికొనక ముందు చెక్ డిస్క్ నడపుట పరీక్ష చేయక మందు పోయుట వంటిది.

డిస్కు తన గూర్చి చెప్పు సాక్ష్యము

డిస్కులోపల స్మార్ట్ అను స్వయంపరీక్షా పట్టిక కలదు. దానిని చూపు ప్రోగ్రాములు ఉచితముగా లభించును. వరుసలు అనేకమున్నను ముఖ్యమైనవి కొలదియే. 5వ సంఖ్యగల వరుస ఇంతవరకు వెలివేసిన సెక్టార్లను, 197వది చదువజాలక తీర్పుకై వేచియున్న సెక్టార్లను తెల్పును. వీని అసలు లెక్క సున్న కాక దినదినము పెరుగుచున్నచో రోగము డిస్కుదే. 199వ వరుస మాత్రము సాధారణముగా కేబులు గూర్చినది. అది యొక్కటే పెరుగుచున్నచో క్రొత్త కేబులుతో పని తీరవచ్చును. ఈ ఒక్క సంగతి తెలియక మంచి డిస్కులను పారవేయువారు కలరు.

ఈ పట్టికను ఎంతవరకు నమ్మవచ్చును? గూగుల్ సంస్థకు చెందిన పరిశోధకులు లక్షకు పైబడిన డిస్కులను పరిశీలించి 2007లో ఫలితములు ప్రకటించిరి. తలమును వరుసగా పరీక్షించునప్పుడు మొదటి తప్పు కనబడిన డిస్కు, అట్టి తప్పు లేని డిస్కుకంటె, తరువాతి 60 దినములలో చెడు అవకాశము 39 రెట్లు ఎక్కువని తేలినది. అయినను చెడిన డిస్కులలో 56 శాతమునకు పైగా ముఖ్యమైన నాలుగు సూచనలలో ఒక్కటియు చూపకయే చెడినవి! పట్టిక చెడ్డదనినచో నమ్మవలెను. మంచిదనినచో అంతగా నమ్మరాదు. చెవులును సాక్షులే. లయగా టక్కు టక్కుమను శబ్దము సాధారణముగా హెడ్డు తన స్థానమును కనుగొనలేక మరల మరల వెనుకకు పోవుటవలన వచ్చును. అది వినబడగానే మీట ఆపివేయుట మేలు.

రోగము డిస్కుదని తేలిన పిమ్మట దానిని బాగుచేయు ప్రయత్నము మాని, అందున్నదానిని బయటకు తీయు ప్రయత్నము చేయవలెను. దాని మీద ఏమియు వ్రాయరాదు. మొదట ముఖ్యమైన ఫైళ్ళు, తరువాత తక్కినవి. డిస్కు మరీ మొరాయించుచున్నచో జి.ఎన్.యు. డి.డి. రెస్క్యూ అను ఉచిత ప్రోగ్రాము ఉపకరించును. చెడిన చోట ఆగి పెనుగులాడక, సులువుగా వచ్చు భాగమునంతయు ముందుగా వేరొక డిస్కు మీదికి తెచ్చి, కష్టమైన భాగములకు తరువాత మరల వచ్చుట దాని నేర్పు. ఎంతవరకు వచ్చినదో ప్రత్యేకముగా వ్రాసికొనును గనుక మధ్యలో ఆపి మరల కొనసాగింపవచ్చును. చెక్ డిస్క్ వంటి చికిత్సలను ఆ నకలు మీద, వీలైనచో నకలుకు మరియొక నకలు మీద, నిర్భయముగా ప్రయోగింపవచ్చును.

తిరుగు బిళ్ళలు లేని ఎస్.ఎస్.డి.లకు ఈ చర్చలో కొంత మాత్రమే వర్తించును. వానికి శబ్దము లేదు. ముందు సూచన లేకయే నిలిచిపోవుట కలదు. మరియొక ముఖ్యభేదమున్నది. హార్డ్ డిస్కులో ఫైలును తుడిచినప్పుడు పట్టికలోని పేరు మాత్రమే పోవును, అక్షరములు వాని చోటనే యుండును. వెంటనే యంత్రమును ఆపినచో తిరిగి పొందవచ్చును. ఎస్.ఎస్.డి.లోనైతే ట్రిమ్ అను ఆజ్ఞ ఆ స్థలము ఖాళీయైనదని డ్రైవుకు తెల్పును, అది కొలది సేపటిలోనే నిజముగా చెరిపివేయవచ్చును. ఆ పిమ్మట ఏ నిపుణుడును తిరిగి తేలేడు.

క్రొత్త డిస్కు వచ్చి, పట్టికలు మరల చేరిన తరువాత పాతది బీరువాలో మిగులును. అందు వందలకొలది విద్యార్థుల పేర్లు, ఆధార్ సంఖ్యలు, తలిదండ్రుల ఫోను సంఖ్యలు ఇంకను ఉన్నవి. ఫార్మాటు చేసి పాత సామానుల వానికి ఇచ్చినంతమాత్రమున అవి పోవు. హార్డ్ డిస్కు ఇంకను పనిచేయుచున్నచో మొదటినుండి చివరివరకు ఒక్కమారు సున్నలు వ్రాసిన చాలును. ఎస్.ఎస్.డి.కి తయారీదారు ఇచ్చు చెరిపివేత ఆజ్ఞను వాడవలెను. బొత్తిగా పనిచేయని హార్డ్ డిస్కునైతే డ్రిల్లుతో బిళ్ళలకు రంధ్రములు వేయుదురు. ల్యాప్‌టాపు డిస్కులలో బిళ్ళలు పెక్కింటియందు గాజువి గనుక అవి ముక్కలై చిందును. ఆ పని చేయువారు కన్నులకు అద్దములు ధరింపవలెను.