మనిషికీ బ్యాటరీకీ... చల్లబడాల్సిందే!

మే నెల మధ్యాహ్నం. ధర్మపురి గోదావరి రేవులో మెట్లమీద కాలు పెడితే చుర్రుమంటుంది. నరసింహస్వామి దర్శనానికి వచ్చినవాళ్లు గబగబా నీడలోకి వెళ్లిపోతారు. అలా వెళ్లే వీల్లేనివాళ్లూ ఉన్నారు. వడ్ల కొనుగోలు కేంద్రాల్లో బస్తాలు మోసే హమాలీలు, ఉపాధి పనుల్లో మట్టి తవ్వే కూలీలు, తునికాకు ఏరే ఆడవాళ్లు... ఎండ ఎంత మండితే అంత పనిరోజులు వాళ్లకవి!

2015 వేసవిలో వడగాలులు తెలుగు రాష్ట్రాలు రెండింటిలో 2 వేలమందికి పైగా ప్రాణాలు తీశాయి. వడదెబ్బను తెలంగాణ ప్రభుత్వం 2025లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకిచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. సాయం పెరగడం మంచిదే. కానీ ఆ అవసరమే రాకుండా చూసుకోవడం అంతకంటే మంచిది కదా!

చెమటే రక్ష

మన ఒంటి వేడి 37 డిగ్రీలు. బయట 45 డిగ్రీలుంటే ఒళ్లు చల్లబడటానికి మిగిలిన దారి చెమట ఒక్కటే. నీళ్లు తాగకుండా బరువులు మోస్తే ఆ దారీ మూసుకుపోతుంది. ఒంటి వేడి 40 దాటిందంటే మాట తడబడుతుంది, మనిషి తికమకపడతాడు, స్పృహ తప్పుతాడు. 'తాగి ఉన్నాడేమో' అని అనుకుని వదిలేస్తే ప్రాణానికే ముప్పు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహలేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.

ఇంట్లో మరో నిప్పు

అదే ఎండలో రోజంతా నిలబడేది ఇంకొకటుంది... బ్యాటరీ బండి. ఇంటికి రాగానే చార్జింగ్ పెట్టేస్తాం. అప్పటికే ఉడికిపోయిన బ్యాటరీకి చార్జింగ్ వేడి కూడా తోడవుతుంది. చాలా లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. లోపలి పొర దెబ్బతింటే ఒక సెల్ వేడి పక్క సెల్‌ను అంటిస్తుంది. ఇక అది ఆగదు.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ల వృద్ధుడు చనిపోయాడు. అదే నెలలో విజయవాడలో పడగ్గదిలోని బ్యాటరీ ఒకరిని బలితీసుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు రేగితే, పైనున్న లాడ్జిలోకి పొగ కమ్మి 8 మంది మరణించారు.

మన జగిత్యాల దగ్గరి బాలపల్లిలోనూ 2024 డిసెంబరులో చార్జింగ్‌లో ఉన్న బండి కాలిపోయింది. అది చలికాలం! అంటే తప్పంతా ఎండదే కాదు. నాసిరకం సెల్, దెబ్బతిన్న బ్యాటరీ, సరిపడని చార్జర్... కారణాలు చాలానే ఉంటాయి. వేడి వాటికి ఆజ్యం పోస్తుంది. 2022 డిసెంబరు నుంచి బ్యాటరీల భద్రతా నిబంధనలను కేంద్రం కఠినం చేసింది. అయితే అంతకుముందు కొన్న బండ్లు ఇంకా మన గుమ్మాల్లోనే ఉన్నాయి.

ఇవి మరవొద్దు

* దాహం వేసేదాకా ఆగకుండా పనిలో తరచూ నీళ్లు తాగాలి. మజ్జిగ, అంబలి మేలు.

* బరువు పనులు తెల్లవారుజామునో సాయంత్రమో చేయించాలి. నీడ, నీళ్లు ఏర్పాటు చేయాల్సింది పని చేయించేవాళ్లే.

* ఎండలోంచి తెచ్చిన బండి చల్లబడ్డాకే చార్జింగ్ పెట్టాలి. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడాలి.

* పడగ్గదిలో, మెట్లకింద, వాకిలికి అడ్డంగా చార్జింగ్ వద్దు. అంతా నిద్రపోయే వేళ అసలే వద్దు.

* బ్యాటరీ ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా వాడటం ఆపేయాలి. పొగ వస్తే సామాను కోసం ఆగకుండా అందరూ బయటికొచ్చి 101కి ఫోన్ చేయాలి. మంట ఆరినట్టు కనిపించినా మళ్లీ అంటుకోవచ్చు.

పొద్దంతా కష్టపడి వచ్చిన మనిషిని కాసేపు కూర్చోమంటాం, చల్లటి నీళ్లిస్తాం. తనతో వచ్చిన బండికీ ఆ కాసేపు విశ్రాంతినిస్తే ఇల్లంతా నిశ్చింతగా నిద్రపోవచ్చు.