గాజు తొట్టెలో రెండు మడుగులు: సముద్రం లేని ఊరిలో సన్యాసి పీత బతకాలంటే

రిసాలి (ఛత్తీస్‌గఢ్): నత్తగుల్లను వీపున మోసుకుంటూ ఇసుకపై నడిచే సన్యాసి పీతను చూసి ముచ్చటపడని పిల్లలు అరుదు. ఆ ముచ్చట ఒక్కోసారి రైలెక్కి, ఐదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, భిలాయి ఉక్కు నగరాన్ని ఆనుకుని ఉన్న రిసాలి వంటి ఊళ్లకు చేరుతుంది. ఉక్కు కర్మాగారం వచ్చిన నాటి నుంచి ఈ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. సెలవులకు విశాఖ వైపు వెళ్లిరావడం వారికి మామూలే. 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ రైలు మొదలైన తరువాత ఆ ప్రయాణం పగటిపూటలోనే ముగుస్తోంది. పీతకు మాత్రం ఆ దూరం ఏమీ తగ్గలేదు.

ఇలా ఇళ్లకు చేరిన పీతలు చాలావరకు పూర్తి ఆయుష్షు చూడవు. సహజ వాతావరణంలో ముప్పై ఏళ్ల వరకు జీవించగల ప్రాణి కొన్ని నెలల్లోనే చనిపోవడానికి కారణం తరచూ తిండి కాదు, నీరు.

ముందుగా తేల్చుకోవలసింది, చేతిలో ఉన్నది ఏ పీత అన్నది. ఆంధ్ర తీరంలో అలలు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుకలో, రాళ్ల మధ్య గుంటల్లో కనిపించేవి ఎక్కువగా డయోజెనిస్, క్లిబనేరియస్ ప్రజాతులకు చెందిన సముద్రపు సన్యాసి పీతలు. అవి నీటిలోనే బతుకుతాయి. పూర్తి సముద్రజలంతో నిండిన అక్వేరియం తప్ప వాటికి మరే ఏర్పాటూ సరిపోదు. వాటిని సీసాలో వేసి రైలెక్కించడం కంటే అక్కడే వదిలేయడం మేలు. పెంపుడు జంతువుల వ్యాపారంలో కనిపించేవి సీనోబిటా ప్రజాతికి చెందిన నేల సన్యాసి పీతలు. ఇవి గాలి పీల్చుకుంటూ నేలపై తిరుగుతాయి. ఇక్కడ చెప్పే మడుగులు వీటి కోసమే.

నేలపై తిరిగినా ఈ పీత నీటిని పూర్తిగా వదులుకోలేదు. ఇది శ్వాసించేది మార్పు చెందిన మొప్పలతోనే. అవి తడిగా ఉన్నంతకాలమే పనిచేస్తాయి. ఆరిపోతే పీత ఊపిరాడక నెమ్మదిగా కుంగిపోతుంది. గుల్ల లోపల దాగి ఉండే మెత్తని పొట్టభాగాన్ని తడిపేందుకు ఇది ఎప్పుడూ కొంత నీటిని గుల్లలో దాచుకుంటుంది. ఆ నీటిలో ఉప్పు ఎంత ఉండాలో కూడా పీతే నిర్ణయించుకుంటుంది. మంచినీరు, ఉప్పునీరు రెండూ అందుబాటులో ఉంటే ఒకదానికొకటి కలుపుకుంటూ తనకు కావలసిన పాళ్లను సరిచేసుకుంటుంది. ఒక్క మంచినీటి గిన్నె పెట్టి ఊరుకుంటే ఆ వెసులుబాటు పోతుంది. పాత పెంకు వదిలి కొత్తది తొడుక్కునే దశకు సిద్ధమయ్యేటప్పుడు ఆ లోటు మరింత ప్రమాదకరం.

అందుకే మడుగులు రెండు. రెండింటికీ లోతు ఒకే సూత్రం: తొట్టెలోని అన్నిటికంటే పెద్ద పీత గుల్లతో సహా మునగాలి, అన్నిటికంటే చిన్న పీత తనంతట తాను బయటకు రాగలగాలి. నేల పీత ఎక్కువసేపు నీటిలో చిక్కుకుంటే మునిగి చనిపోతుంది. నునుపైన గోడలున్న డబ్బాలో అది ఎక్కలేదు. ఒక వైపు గులకరాళ్లను మెట్లుగా పేర్చడం, లేదా ప్లాస్టిక్ వలను వాలుగా దించడం తప్పనిసరి.

డబ్బా గాజుదో, ఆహార పదార్థాలకు వాడే ప్లాస్టిక్‌దో అయి ఉండాలి. తెలుగు ఇళ్లలో నీటికి శ్రేష్ఠమని భావించే రాగి పాత్ర ఇక్కడ పనికిరాదు. నీటిలో కరిగిన రాగి పీతలు, రొయ్యల వంటి జీవులకు విషం. ఇత్తడిలోనూ రాగే ఉంటుంది. ఇక స్టీలు సంగతి ఉక్కు నగరంలో ఎవరికీ చెప్పనక్కరలేదు: ఉప్పునీటిలో ఎక్కువకాలం ఉంటే స్టెయిన్‌లెస్ రకానికీ గుంటలు పడతాయి.

మంచినీటి మడుగుకు కుళాయి నీటిని నేరుగా వాడకూడదు. క్రిములను చంపేందుకు కలిపే క్లోరిన్ మొప్పలకు హాని చేస్తుంది. వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. క్లోరమైన్ కలిపిన నీరైతే అలా పోదు. అక్వేరియం దుకాణాల్లో దొరికే క్లోరిన్ నిర్మూలన ద్రావణం వాడాలి.

ఎక్కువ తప్పులు జరిగేది ఉప్పునీటి దగ్గరే. సముద్రజలం అంటే వంటింటి ఉప్పు కలిపిన నీరు కాదు. లీటరు సముద్రజలంలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలో సోడియం, క్లోరైడ్‌లతో పాటు సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం, చెరో 0.4 గ్రాముల కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయి. వంటింటి ఉప్పులో ఇవి దాదాపు ఉండవు. పైగా గడ్డకట్టకుండా కలిపే పదార్థాలుంటాయి. దుకాణంలో 'అక్వేరియం సాల్ట్' పేరుతో మంచినీటి చేపల కోసం అమ్మేది కూడా చాలావరకు సోడియం క్లోరైడే. అడగవలసింది సముద్రపు అక్వేరియంలకు వాడే 'మెరైన్ సాల్ట్'. మూడు లీటర్ల మడుగుకు అది 105 గ్రాముల వరకు పడుతుంది. హైడ్రోమీటర్‌తో కొలిస్తే సాపేక్ష సాంద్రత 1.023 నుంచి 1.025 మధ్య ఉండాలి.

రిసాలి ఎండాకాలం ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. మే నెల వడగాలుల్లో గాలిలో తేమ బాగా పడిపోతుంది, మడుగులు త్వరగా ఇంకుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు మిగిలిపోతుంది. కనుక ఉప్పునీటి మడుగు తగ్గినప్పుడు క్లోరిన్ తీసిన మంచినీటినే పోయాలి. ఉప్పునీరు పోస్తే రోజురోజుకీ చిక్కబడుతుంది. పీతకు కావలసిన తేమ 75 నుంచి 85 శాతం. తొట్టెపై గాజు మూత ఉంటే, రెండు మడుగులే ఆ తేమలో పెద్ద భాగాన్ని సమకూరుస్తాయి. కూలర్ గాలి నేరుగా తగిలే చోట తొట్టెను ఉంచకూడదు.

మడుగును ఇసుకపై ఊరికే పెడితే మరో చిక్కు ఉంది. పీతలు పెంకు మార్చుకునేందుకు ఇసుకలో లోతుగా దిగి వారాల తరబడి ఉంటాయి. డబ్బా కింద తవ్వుకున్నది బరువుకు నలిగిపోవచ్చు. పొంగిన నీరు అడుగున చేరితే గుంతలోనే చనిపోవచ్చు. డబ్బాను తొట్టె అడుగు నుంచి లేపిన గట్టి పీటపై నిలపాలి, అంచు ఇసుక కంటే కొంచెం ఎత్తుగా ఉండాలి. ఇసుక లోతు కనీసం 15 సెంటీమీటర్లు, తడి మాత్రం పిడికిట పడితే ముద్దకట్టేంతే.

చిన్న గాలి పంపు, స్పాంజ్ ఫిల్టర్ అమర్చినవారు నీటిని రెండు మూడు రోజులకోసారి మార్చే శ్రమ తప్పించుకోవచ్చు. అయితే వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. అంతవరకు చేతి పని తప్పదు.

ఎన్ని మడుగులు కట్టినా తొట్టెలో జరగని పని ఒకటుంది. నేల పీత ఆడది గుడ్లను సముద్రపు అంచుకు మోసుకెళ్లి నీటిలో వదులుతుంది. పిల్లలు వారాల పాటు సముద్రంలో తేలుతూ ఎదిగాక గుల్ల వెతుక్కుని ఒడ్డుకు వస్తాయి. బంధనంలో ఈ దశలను దాటించడం చాలా కష్టం. అందువల్ల అమ్మకానికి వచ్చే దాదాపు ప్రతి పీతా తీరం నుంచి పట్టి తెచ్చినదే. వీటి సమీప బంధువు, అండమాన్ నికోబార్ దీవుల్లో కనిపించే కొబ్బరి పీతను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. దానిని పట్టడం, పెంచడం నేరం. బీచ్‌లో ఏరుకునే ఖాళీ గుల్లల సంగతీ ఇదే దారిలో ఉంది. ఇంటి అల్మారాలో అలంకారంగా నిలిచే గుల్ల, ఎదుగుతున్న ఏదో ఒక పీత వెతుక్కుంటున్న తరువాతి ఇల్లు.