ఇంటి పన్నులో ఎనిమిది పైసలు

ఇంటి పన్ను రసీదును పైనుంచి కిందదాకా చదివేవాళ్లు తక్కువ. ఎంత కట్టాలి, గడువెప్పుడు అని చూసి మడిచి పెట్టేస్తాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ లెక్కలో గ్రంథాలయ పన్ను కూడా కలిసి ఉంటుంది. ఆస్తి పన్ను రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటివాళ్లు ఏటా 80 రూపాయలు లైబ్రరీలకు ఇస్తున్నారన్నమాట.

అలాగని ఆ సొమ్ము వీధి చివరి లైబ్రరీకి నేరుగా చేరదు. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం చేసిన ఏర్పాటిది. ఏ ఊరి డబ్బు ఆ ఊళ్లోనే ఉంచితే మేడలున్న పట్నానికి పుస్తకాల మీద పుస్తకాలు వస్తాయి, పూరిళ్ల పల్లెకు దినపత్రిక కూడా రాదు. అందరి పైసలూ ఒక్కచోట పడితే పట్నం పన్నుతో పల్లెలో బీరువా నిండుతుంది.

సంస్థ చేసే పని చాలావరకు పాఠకుడి కంటపడదు. పుస్తకాలను జిల్లా మొత్తానికీ కలిపి కొంటారు. రిజిస్టరుకెక్కించి, నంబర్లు వేసి, శాఖలకు పంచుతారు. పత్రికల చందాలు, కుర్చీలు, బల్లలు, అద్దె భవనాల ఖర్చు కూడా సంస్థ ఖాతాలోవే. ఒక్కడే ఉద్యోగి ఉండే శాఖా గ్రంథాలయం ఇవన్నీ సొంతంగా చేసుకోవాలంటే తలుపు తీసి కూర్చునే తీరికే ఉండదు. శాఖ పెట్టలేని చిన్న ఊళ్ల కోసం బుక్ డిపాజిట్ సెంటర్లు ఉన్నాయి. కొన్ని పుస్తకాలు అక్కడుంచుతారు, చదవడం అయ్యాక మార్చి వేరేవి ఇస్తారు.

చేతులు కలిపి పుస్తకాలను ఊరూరికీ చేర్చే అలవాటు చట్టం కంటే ముందే తెలుగునాట ఉంది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. ఎక్కడికక్కడ చందాలతో నడుస్తున్న పఠన మందిరాలను కలిపిన సంఘమది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయాన్నే తిప్పారు.

లైబ్రరీలు చేతులు కలిపే ఈ సూత్రమే అమెరికాలో మరో రూపం తీసుకుంది. ఒహాయో రాష్ట్రంలోని కాలేజీల లైబ్రరీలు 1967లో ఓసీఎల్‌సీ అనే ఉమ్మడి సంస్థను స్థాపించాయి. 1971లో కంప్యూటర్ కేటలాగు మొదలైంది. ఒక లైబ్రరీ ఒక పుస్తకం వివరాలు నమోదు చేస్తే మిగతావి మళ్లీ ఆ చాకిరీ చేయనక్కర్లేదు. మన దేశంలో 1988లో ఢిల్లీలో మొదలైన లైబ్రరీల నెట్‌వర్క్ డెల్‌నెట్ ఈ బాటలోదే. రాయ్‌పూర్ దగ్గరి ధర్సీవాలో ఉన్నా, శ్రీకాకుళంలో ఉన్నా, అందులో సభ్యత్వమున్న కాలేజీ తన దగ్గర లేని పుస్తకం ఏ లైబ్రరీలో ఉందో ఉమ్మడి కేటలాగులో చూసి అరువు అడగవచ్చు.

మన జిల్లా సంస్థలు ఆ స్థాయికి ఎదగకపోవడానికి ఒక కారణం డబ్బు దారిలో ఆగిపోవడం. ప్రజలు కట్టిన గ్రంథాలయ పన్నును చాలా స్థానిక సంస్థలు సకాలంలో జమ చేయవు. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుంటాయి. దానికి తోడు ఖాళీ పోస్టులు. కొత్త పుస్తకాలు ఆగుతాయి, పాత బీరువాకు తాళం పడుతుంది. ఇంతలో పోటీ పరీక్షల కుర్రాళ్లు మాత్రం సొంత పుస్తకాలు సంచిలో వేసుకొచ్చి, అదే లైబ్రరీలో పొద్దుగూకేదాకా చదువుకుంటున్నారు.

ఈసారి పన్ను కట్టినప్పుడు గ్రంథాలయ పన్ను ఎంతో చూడండి. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ అయిందా అని మీ పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో అడగండి. తర్వాత మీ శాఖకు వెళ్లి, మీకు కావలసిన పుస్తకం పేరు చెప్పి రండి.