లోపలికి తెరచుకొను కిటికీలకు తెరలు

వేసవి రాగానే పడమటి కిటికీకి ఏదో ఒక తెర కట్టుకొనవలెనని ప్రతి గృహస్థునకు తోచును. చిక్కు ఎచ్చట నున్నదో కట్టబోయిన తరువాత గాని తెలియదు. కరీంనగరు, మంథని, జగిత్యాల, నిర్మల్ వంటి ఊళ్ళలోని పాత యిండ్లను చూడుడు. కిటికీ చట్రమునకు ఇనుప ఊచలు బిగించి, టేకు రెక్కలను గదిలోనికి తెరచుకొనునట్లు అమర్చుట అచ్చట వాడుక. ఇప్పటి యిండ్లలోను బయటి వైపు దోమల జాలి బిగించినప్పుడు రెక్కలు లోపలికే తెరచుకొనును. ఇట్టి కిటికీకి లోపలి వైపున తెర వ్రేలాడదీసినచో రెక్క తెరచునప్పుడెల్ల తెరకు తగులును. రెక్క తెరచి ఉండగా తెర దిగదు. విసుగెత్తి కొందరు తెరను తీసివేయుదురు. కొందరు రెక్కలన్నియు మూసుకొని చీకటిలో ఉక్కపోతకు ఓర్చుకొందురు.

ఇది సౌఖ్యమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు రెండువేలకు పైగా జనులు ప్రాణములు కోల్పోయిరి. రామగుండము, ఆదిలాబాదు ప్రాంతములలో ఎండ 45 డిగ్రీలు దాటుట వింత కాదు. వృద్ధులు, పసిపిల్లలు పగలంతయు ఇంటిలోనే ఉందురు. కనుక వారుండు గది ఎంత వేడెక్కుననునది ఉపేక్షింపదగిన విషయము కాదు.

తెరను లోపల కట్టవలెనను పట్టుదల విడిచినచో చిక్కు చాల వరకు విడిపోవును. రెక్కలు లోపలికి తెరచుకొనుచున్నవి గనుక బయటి వైపున వాటికి అడ్డు లేదు. తెరను అచ్చట, సజ్జ క్రింద, వ్రేలాడదీయవలెను. అప్పుడు రెక్కలు పూర్తిగా తెరచి ఉంచవచ్చును. ఎండ ఆగును, గాలి ఆడును. రెక్కలు బయటికి తెరచుకొను కిటికీకి ఈ సదుపాయము లేదు.

బయట కట్టిన తెర మేలగుటకు మరియొక కారణము కలదు. ఎండ అద్దము గుండా గాని, తెరచిన కిటికీ గుండా గాని లోపలి తెరపై పడినప్పుడు తెర వేడెక్కును. ఆ వేడి అప్పటికే గదిలో చేరినది. అది మరల బయటికి పోవు దారి తక్కువ. నేను ఒక వేసవిలో పడమటి గదికి లోపలి వైపున దళసరి నల్లగుడ్డ కట్టి చూచితిని. గది చీకటియైనది గాని, సాయంకాలము ఆ గుడ్డను తాకినచో ఇస్త్రీ చేసిన బట్టవలె ఉండెను. అదే తెర బయట ఉన్నచో వేడిలో అధిక భాగము బయటి గాలికే పోవును.

ఏ కిటికీకి ముందుగా కట్టవలెను? కరీంనగరులో మే నెల రెండవ వారములో మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన ఉండును. ఆదిలాబాదులో మరి ఐదారు దినములకు అట్లే జరుగును. అది మొదలు జూలై చివరి వారము వరకు మధ్యాహ్న సూర్యుడు కొంచెము ఉత్తరముగా ఉండును. కనుక రోహిణీ కార్తెలో దక్షిణపు కిటికీకి సజ్జయే చాలును. సజ్జ ఆపలేనిది వాలు ఎండను. అస్తమించు వేళ సూర్యుడు పడమటికి కొంత ఉత్తరముగా దిగును. అందుచేత పడమటి కిటికీకి మొదట కట్టవలెను. ఉత్తరపు కిటికీలో సాయంకాలము ఎండ పడుచున్నదేమో కూడ చూడవలెను. తూర్పు కిటికీ తరువాతిది.

తెరకు వెదురు పుల్లల అల్లికయే మన ప్రాంతమునకు తగినది. మేదరివారికి కొలత యిచ్చినచో అల్లి యిత్తురు. ఆదిలాబాదు అడవులలోని కొలాములు ఇంటి గోడలనే వెదురు తడకలతో అల్లుకొనెడివారు; ఎండను ఆపి గాలిని విడుచుట తడకకు సహజగుణము. తెర వెడల్పు కిటికీకి ఇరువైపుల అరడుగు చొప్పున మించవలెను. పొడవు కిటికీ గడప క్రిందికి జానెడు దిగవలెను. గోడకు తెరకు నడుమ కొంత ఎడము ఉన్నచో అచ్చట చేరిన వేడిగాలి పైకి పోవును. పై అంచున తీగ ఉంగరములు కట్టి, సజ్జ క్రింద గట్టిగా దిగిన కొక్కెములకు తగిలింపవలెను. చుట్టు త్రాడును చిన్న కప్పీ మీదుగా ఊచల సందున లోపలికి తీసికొన్నచో గదిలో నుండియే తెరను ఎత్తవచ్చును, దింపవచ్చును. జాలి యున్నచోట చట్రమునకు త్రాడు పట్టునంత రంధ్రము చేయవలెను. లోపలికి వచ్చిన త్రాడును ఉచ్చువలె వ్రేలాడనీయక, పిల్లలకు అందని ఎత్తున మేకుకు చుట్టవలెను. త్రాడు మెడకు చుట్టుకొనుట వలన పసివారి ప్రాణములు పోయిన సందర్భములు పలు దేశములలో కలవు.

మేడమీది గది వలన గాని, ఇంటి యజమాని ఒప్పుకొనకపోవుట వలన గాని బయట కట్టుటకు వీలుపడనిచో గోడ మందము కొలిచి చూడుడు. కిటికీ వెడల్పు మూడడుగులైనచో ఒక్కొక్క రెక్క అడుగున్నర. చట్రము బయటి అంచున ఉండి, లోపల గోడ మందము అంతకు మించి మిగిలినచో, నిలువుగా తెరచిన రెక్కలు గోడలోనే ఇమిడిపోవును. తెరను గోడ లోపలి అంచున వ్రేలాడదీయవచ్చును. పాత మట్టిగోడలలో ఇది సాధ్యము, తొమ్మిదంగుళముల ఇటుక గోడలో కాదు. అచ్చట తెర కమ్మిని చట్రమునకు ఎంతో పైన బిగించి, చుట్టినప్పుడు చుట్ట రెక్క పై అంచునకు తగులకుండ చూచుకొనవలెను. చుట్ట లావు ఊహింపక, ముందే చుట్టి కొలువవలెను. అద్దపు రెక్కలకైనచో ప్రతి రెక్కకు పైన, క్రింద సన్నని కమ్ములు వేసి గుడ్డను బిగింపవచ్చును. తెర రెక్కతోబాటు కదలును. కాని రెక్క తెరచితిమా, ఎండ లోపలికి వచ్చినట్లే.

వట్టివేళ్ళ తడికలు బయటనే కట్టదగినవి. తడిసిన వేళ్ళ గుండా పొడిగాలి వీచునప్పుడు నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని తీసికొనును. అందుచేత గాలి వచ్చు వైపుననే కట్టి, ఎదుటి వైపున ఒక కిటికీ తెరచి ఉంచవలెను. ఆ దారి లేనిచో గది చెమ్మగిల్లునే గాని చల్లబడదు. ఎండిన వేళ్ళు నిప్పురవ్వ సోకిన క్షణములో అంటుకొనును. వంటయింటి కిటికీకి అవి వద్దు.

మే నెలలో సాయంత్రపు గాలిదుమారములు హెచ్చరిక లేక వచ్చును. తెర క్రింది అంచున బరువైన బద్ద వేసి, రెండు మూలల త్రాళ్ళను ఊచలకు కట్టవలెను. మృగశిర ప్రవేశించి వానలు పడగానే తెరలను దింపి, దుమ్ము దులిపి, నీడను ఆరబెట్టి అటకమీద పెట్టవలెను. వానలో వదలినచో వెదురు నల్లబడి, అల్లిన దారము మరు వేసవికి ముందే చివికిపోవును.