దిగేవాటితోనే భయం

కొండను కోసి తారు పోస్తే ఘాట్ రోడ్డు పూర్తయినట్టు కాదు. ఆ తర్వాత ఏటా వానాకాలం దాన్ని పరీక్షిస్తూనే ఉంటుంది. మన కొండదారులు నిలవాలన్నా, వాటి మీద మనం క్షేమంగా తిరగాలన్నా ఏం చేయాలి?

తిరుమల కొండ దిగే కార్లకు పైన టోల్‌గేటు దగ్గర టైము వేసిన చీటీ ఇచ్చేవారు. నలభై నిమిషాలు నిండకముందే కిందికి వచ్చేస్తే జరిమానా. ఎక్కడానికి పెట్టిన కనీస సమయం మాత్రం 28 నిమిషాలే. దిగడానికే ఎక్కువసేపు పట్టాలంటే కొత్తవాళ్లు వింతగా చూస్తారు గానీ, ఘాట్‌లో స్టీరింగ్ పట్టినవాళ్లకు అందులో వింతేమీ కనిపించదు. కొండదారికి సూత్రం ఒక్కటే: పైనుంచి దిగేది నీరైనా, రాయైనా, బండైనా తొందరపడనివ్వకూడదు.

1944కు ముందు ఆ కొండెక్కాలంటే నడకో, డోలీయో. ఆ ఏడాది ఏప్రిల్‌లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపుదిద్దుకున్న మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకుంది. 1970ల్లో రెండోది వచ్చాక ఎక్కడానికి కొత్తది, దిగడానికి పాతది అయ్యాయి. మలుపు తిరగ్గానే ఎదురుబండి వస్తుందన్న భయం పోయింది. మిగతా ఘాట్‌లలో చాలావాటికి ఆ భాగ్యం లేదు.

నీటికీ దారి వదలాలి

రోడ్డు కోసం కొండను పక్కనుంచి కోశామంటే దాని కాలు తీసేసినట్టే. పైనున్న మట్టికి, బండలకు ఆసరా పోతుంది. అందుకే కొండ వైపు ఒక గోడ, లోయ వైపు ఒక గోడ కడతారు. వాననీరు గోడ వెనక మట్టిలో చేరిందంటే ఆ బరువంతా గోడను ముందుకు తోస్తుంది. ఆ నీరు బయటికి పోవడానికే గోడలో వరసగా చిన్న గొట్టాలు వదులుతారు. వాన వెలిశాక వాటిని గమనించండి. నీళ్లు కారుతుంటే గోడ పనిచేస్తోందన్నమాట. గొట్టాలు పొడిగా ఉండి, రాళ్ల సందుల్లోంచి చెమ్మ ఊరుతూ గోడ ముందుకు ఉబ్బిందంటే లోపల నీరు నిలిచిపోయినట్టే.

కోత పైన ఒక కాలువ, రోడ్డు వారన మరొకటి, అడుగున కల్వర్టు, అది లోయలోకి తెరుచుకునే చోట రాతి పరుపు. నీరు ఇలా ఒకదాన్నుంచి మరోదానిలోకి నెమ్మదిగా దిగాలి. ఎండుటాకులో, ప్లాస్టిక్ సంచులో ఎక్కడ అడ్డుపడినా నీరు రోడ్డెక్కుతుంది, తారు కింది కంకరను కడిగేస్తుంది. 2021 డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్‌లో బండరాళ్లు విరిగిపడి రాకపోకలు ఆగిపోయిందీ భారీ వానల తర్వాతే.

వెట్టి నుంచి డోలీ దాకా

మన్యంలో రోడ్డంటే ఒకప్పుడు వెట్టి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు దారి వేయించిన గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనులతో చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదలడానికి ఆ కసీ ఒక కారణం. వందేళ్లు దాటినా, ఆ కొండల్లో నిండు గర్భిణిని డోలీ కట్టి తారురోడ్డు దాకా మోసుకొచ్చే ఊళ్లు ఇంకా ఉన్నాయి. రోడ్డు కావాలా అని వాళ్లను అడగక్కర్లేదు. వేసిన రోడ్డు మొదటి వానాకాలానికే కొట్టుకుపోతే మళ్లీ డోలీయే గతి.

ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే

ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది ఘాట్ డ్రైవర్లు కొత్తవాళ్లకు నేర్పే మొదటి పాఠం. దిగుడులో బ్రేకు మీదే కాలు ఉంచితే లైనర్లు కాగిపోయి పట్టు తప్పుతాయి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే ఇంజిను కూడా బండిని ఆపదు. ఇరుకు దారిలో ఎదురుపడితే దిగే బండే ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టంలో ఉన్న నిబంధన.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ బస్సులో ఎక్కిందే వంద మంది దాకా. అంత బరువుతో దిగుతున్న బస్సును నిలవరించడం ఎంత నేర్పున్న డ్రైవరుకైనా కష్టమే. ఘాట్‌లో కిక్కిరిసిన బస్సును బయల్దేరనివ్వకపోవడం డ్రైవరు ఒక్కడి చేతిలో ఉండే పని కాదు. ఆ దారిలో మరో బస్సు వేయాల్సినవాళ్లూ బాధ్యులే.

రోడ్డు ప్రారంభానికి శిలాఫలకం వేస్తారు. కాలువలో పూడిక తీసినందుకు ఎవరూ వేయరు. అందుకే ఆ పని వెనకబడుతుంది. తొలకరికి ముందే ప్రతి ఘాట్‌లో కల్వర్టులు, గోడ గొట్టాలు శుభ్రం చేయించి, కూలిన పిట్టగోడలు కట్టించి, పని పూర్తయిన తేదీని, బాధ్యుడైన ఇంజినీరు హోదాను, ఫోన్ నంబరును ఘాట్ మొదట్లోనే బోర్డు మీద రాయించాలి. ఆ బోర్డుకయ్యే ఖర్చు ఓ డబ్బా పెయింటు. తేదీ నిరుటిదైతే ఎవరిని నిలదీయాలో ఆ దారిన వెళ్లే ప్రతి డ్రైవరుకూ తెలుస్తుంది.